తప్పు తాతయ్యది

మా బాబాయికి ఒకే ఒక్క జబ్బు. ఎవరిలో ఏ లోపం కనిపించినా, "తప్పు నీది కాదు, మీ తాతది" అంటాడు.

వ్యాయామం చేస్తే ఒంట్లో ఏం జరుగుతుందో పరిశోధించే శాస్త్రవేత్త ఆయన. ఆ మాటేదో ప్రయోగశాలలో అనుకుంటే ఎవరికీ బాధ లేదు. బస్సులో అంటాడు. మంగలి షాపులో, అద్దం ముందు బిక్కమొహం వేసుకున్న బట్టతల ఆసామితో అంటాడు. ఓసారి లిఫ్టు పాడై అందరం మెట్లెక్కుతుంటే, మధ్యలో చతికిలబడ్డ ఓ భారీ మనిషి భుజం తట్టి, "మీ తాతగారు చేసిన పనండీ ఇది!" అన్నాడు.

"మా తాత నిన్నేం చేశాడయ్యా?" అని ఆ మనిషి కళ్లెర్రజేశాడు. నేను తల దించుకుని, ఈయనెవరో నాకు తెలియనట్టు పైకి ఎక్కేశాను.

ఇంట్లో గొడవ ఇంకో రకం. నాకు తాత అంటే ఆయనకి సాక్షాత్తూ కన్నతండ్రి. "పోయిన మనిషిని ఆడిపోసుకోకురా!" అని నాయనమ్మ గరిటె ఎత్తేది.

నేను బడిలో డ్రిల్లు టీచర్ని. బాబాయి తన పరిశోధన కోసం మా టీచర్లని కొందరిని పోగేశాడు. కొన్ని నెలలపాటు పొద్దున్నే పరుగు. ముందోసారి, చివర్లో ఓసారి రక్తపరీక్ష.

"పొయ్యి మండితే పొగ వచ్చినట్టు, కండరాలు ఆక్సిజన్ వాడుకుంటే కొంత చెత్త పుడుతుంది. అది ఎక్కువైతే కణాలకి మసి పడుతుంది. రోజూ పరిగెడితే, ఆ మసి తుడుచుకోవడం ఒళ్లే నేర్చుకుంటుంది" అని చెప్పాడు.

డ్రిల్లు టీచర్ని కదా, అందరికంటే ముందు పరిగెత్తాను. లెక్కల మాస్టారు బొజ్జ పట్టుకుని ఎక్కడో వెనక దేకుతూ వచ్చేవారు.

ఫలితాలు వచ్చాయి. మాస్టారికి మసి బాగా తగ్గింది. నాకు పెరిగింది.

"నాకే ఇంత తగ్గిందంటే, డ్రిల్లు మేడమ్‌కి ఇంకెంత తగ్గి ఉంటుందో!" అన్నారాయన స్టాఫ్ రూములో, అందరికీ వినబడేలా.

రిపోర్టు మడిచేశాను. "పెరిగిందండీ."

"చెట్టు చాటున కూర్చుని ఎగ్గొట్టారేమో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. మెడలో విజిల్ తీసి జేబులో దాచేసుకున్నాను. ఇక పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?

టీచర్లకి కృతజ్ఞతలు చెబుదామని బాబాయి సరిగ్గా అప్పుడే లోపలికొచ్చాడు. సంగతి విన్నాడు. ఇంకేముంది!

"అమ్మాయి ఒక్క రోజు కూడా మానలేదు. తప్పు దానిది కాదు, వాళ్ల తాతది. అంటే మా నాన్నదే! మసి తుడిచే సరుకు తయారుచేసే జన్యువు మనిషికీ మనిషికీ కాస్త తేడాగా ఉంటుందండీ. మా ఇంట్లోది ఒట్టి బద్ధకపు జన్యువు. అదొక్కటే కారణమనీ చెప్పలేం, ఇంకా బోలెడు ఉంటాయి. నా సంగతి చూడండి, అమ్మాయికంటే అధ్వానం!"

మాస్టారి మొహం చిన్నబోయింది. "అయితే నాకు తగ్గింది మా తాత చలవేనా?"

"ఛ! అది పూర్తిగా మీ కష్టమండీ."

అందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం భూమి చీలితే బాగుణ్ణనిపించింది. నన్ను కాపాడడానికొచ్చి, ఇంటిగుట్టు రచ్చకెక్కించాడు మహానుభావుడు.

సాయంత్రం ఇంట్లో, బాబాయి ఎదురుగానే, నాయనమ్మ ముందు ఉక్రోషమంతా కక్కేశాను. "నిజం చెప్పు, తాతయ్య అంత నీరసం మనిషా?"

"ఆయనా? కదిలిపోతున్న బస్సుని పరిగెత్తి పట్టుకునేవారు. నాకే నాలుగు మెట్లెక్కితే ఆయాసం." నాయనమ్మ గరిటె కింద పెట్టింది. "ఏరా, పరిశోధన అంటూ నా రక్తం కూడా తీసుకెళ్లావుగా. ఏం తేలింది?"

"నిక్షేపంలా ఉందని అప్పుడే చెప్పానుగా" అన్నాడు బాబాయి, గోడవైపు చూస్తూ.

"అప్పుడూ గోడకే చెప్పావు. ఆ బద్ధకపు జన్యువేదో నాదే కదూ?"

బాబాయి తల దించేసుకున్నాడు. నాకు అప్పుడు వెలిగింది. తన వల్లే కొడుకుకీ మనవరాలికీ ఈ అవస్థ అని తల్లి ఎక్కడ కుమిలిపోతుందోనని, నేరమంతా తండ్రి నెత్తిన రుద్దాడు. ఒక్క తండ్రినే అంటే ఆవిడకి అనుమానం వస్తుందని, ఊళ్లో తాతలందర్నీ ముద్దాయిల్ని చేశాడు!

"తెలిసి తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు పోట్లాడావు నాయనమ్మా?"

"పోట్లాడకపోతే, నాకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోదూ?"

బాబాయి మొహం సిగ్గుతో కందగడ్డ అయింది. గబుక్కున లేచి సింకు దగ్గరికెళ్లి, మా వైపు చూడకుండా గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే కడిగి బోర్లించిన గిన్నెలని నాయనమ్మా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.