జరగండమ్మ

టెన్త్ గ్రూప్ ఫొటోలో మధ్యలో నిలబడాలంటే ఫొటో తీసే ఆవిడ చేతిలో ఏదో ఒకటి పెట్టాలట. ఎంత పెడితే అంత మధ్యకి. ఇవ్వనివాళ్ళు చివరికట. ఈ మాట మా పెద్దమ్మ గురించి. మొదట బడి గేటు దగ్గర విన్నాను, తరవాత జెరాక్స్ కొట్లో విన్నాను. మూడోసారి మా స్టూడియో కౌంటర్ దగ్గరే, నేనున్నానని చూసుకోకుండా ఇద్దరు తల్లులు చెప్పుకున్నారు. నేను ఉన్నా లేనట్టే ఉంటాను కాబట్టి వాళ్ళ తప్పేం లేదు.

నేను చెబితే పెదనాన్న పగలబడి నవ్వాడు.

"ఇన్నేళ్ళ లంచాలు ఎక్కడ దాచావే? నాకో చెప్పుల జతైనా కొనిపెట్టకపోయావా?"

"నా పెళ్ళి ఫొటోలో నీ పక్కన నిలబడ్డందుకు నాకే ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇంక మిగిలేదెక్కడ?" అంది పెద్దమ్మ, లెన్సు తుడుచుకుంటూ.

మా స్టూడియో ఒకటే గది. వెనక గోడకి నీలం తెర, దాని ముందు తిప్పితే పైకి కిందికి వెళ్ళే స్టూలు. అద్దం పక్కన మేకుకి దారంతో కట్టిన దువ్వెన. దారం ఎందుకంటే, అంతకుముందు పదకొండు దువ్వెనలు పోయాయి. ఒకప్పుడు ఫొటోలు పెదనాన్నే తీసేవాడు. ఆయనకి చేతుల వణుకు మొదలయ్యాక కెమెరా పెద్దమ్మ అందుకుంది. ఆయన పాత చొక్కా కూడా అందుకుంది. ఆడవాళ్ళ బట్టలకి జేబులు పెట్టాలని ఏ టైలరుకీ తోచదని ఆమె ఫిర్యాదు. ఆ చొక్కాకి నాలుగు జేబులు, నాలుగూ ఎప్పుడూ నిండే ఉంటాయి.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ మంచాన పడింది, చూసేవాళ్ళు లేరు. అమ్మ పోయాక పెద్దమ్మ వచ్చి నా సంచి తనే సర్ది తీసుకొచ్చేసింది. "మళ్ళీ బడికి పోతావా?" అని అడిగితే నేను మాట్లాడలేదు. "సరే, మాట్లాడాలనిపించినప్పుడు చెప్పు" అని స్టూలు తుడిచే గుడ్డ చేతికిచ్చింది. అప్పటినుంచి ఆమె వెంటే ఉన్నాను. గ్రూప్ ఫొటో రోజున బెంచీలు ఊగుతున్నాయా అని చూడటం, ఫొటో అయ్యాక ఎడమ నుంచి కుడికి వరసగా పేర్లు రాసుకోవడం నా పని. ఆ పేర్లే ఫొటో కింద అచ్చవుతాయి.

ఆడపిల్లల బడిలో పద్నాలుగేళ్ళుగా పెద్దమ్మే ఫొటోలు తీస్తోంది. పిల్లలు ఆమెకి పెట్టిన పేరు జరగండమ్మ. కెమెరా వెనక నిలబడితే ఆమె నోట వచ్చే మాట అదొక్కటే. "జరగండమ్మా, దగ్గరికి జరగండి. ఇంకొంచెం. కరవదులే పక్కపిల్ల, జరుగు."

ఆమెకి ఒక అలవాటుంది. ముందు ఎవరికి నచ్చినచోట వాళ్ళని నిలబడమంటుంది. కెమెరాలోంచి చాలాసేపు చూస్తుంది. నొక్కదు. జరగండని ఒకసారి అంటుంది, వరసలు దగ్గరవుతాయి. ఇంకోసారి అంటుంది, ఇంకా దగ్గరవుతాయి. మూడోసారి అన్నాక కూడా ఎక్కడో ఒకచోట జానెడు ఖాళీ మిగులుతుంది. చాలాసార్లు అది చివరనే ఉంటుంది. అప్పుడు కెమెరా వదిలి ముందుకొచ్చి, "నువ్విటు, నువ్వటు" అని నలుగురైదుగురిని మార్చేస్తుంది. చూసేవాళ్ళకి అదంతా చాదస్తం.

మొదట్లో నాకూ అలాగే అనిపించేది. ఫొటోలు పంచాక కొట్టుకి వచ్చే ఆడపిల్లల్ని చూశాక అర్థమైంది. "అక్కా, ఈ చివర కాస్త కట్ చేసి ఇంకో కాపీ ఇస్తారా? ఫోన్లో పెట్టుకోవడానికి" అని అడుగుతారు. చివర కాస్త అంటే చెట్టు కాదు, గోడ కాదు. ఒక పిల్ల.

పోయినేడాది టెన్త్ వాళ్ళు ముప్పై ఎనిమిది మంది. ఫొటో రోజు పొద్దున్నే, ఇంకా బెంచీలు బయటికి తెస్తుండగా, ఒక సన్నటి అమ్మాయి మా దగ్గరికొచ్చింది. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ.

"ఆంటీ, నేను లేకుండా ఫొటో తీసేస్తారా?"

"ఏమ్మా, జ్వరమా?"

"కాదు. ఈ నెలాఖరుకి టీసీ తీసుకుంటున్నా. వెళ్ళిపోయేదాన్ని, ఫొటోలో ఎందుకని."

"మీ నాన్నగారికి బదిలీ అయిందా?"

"లేదండీ."

పెద్దమ్మ ఇంకేం అడగలేదు. "టీసీ తీసుకున్నాక వెళుదువుగాని. ఇవాళ నాకు ముప్పై ఎనిమిదని రాసిచ్చారు. ఒకటి తగ్గితే ఈ పిల్ల పేర్ల వరస తప్పి ఏడుస్తుంది" అని నన్ను చూపించింది. నేను తల ఊపాను. ఆ అమ్మాయి నా పుస్తకం వైపు చూసి, సరేనన్నట్టు వెళ్ళి వెనక బెంచీ చివర నిలబడింది.

పెద్దమ్మ మూడుసార్లు జరగండంది. ఆ చివర జానెడు కాదు, మూరెడు ఖాళీ మిగిలింది. ఆ పిల్ల దగ్గరికి జరిగితే పక్కపిల్ల అంత దూరం జరుగుతోంది. వరసంతా పామల్లే అటు కదిలింది.

"నువ్వు, బెంచీ దిగు. ఇలా రా" అని పెద్దమ్మ ఆ అమ్మాయిని తీసుకొచ్చి రెండో వరసలో సరిగ్గా హెచ్చెమ్ మేడం కుర్చీ వెనక నిలబెట్టింది. అది అప్పటిదాకా క్లాసు లీడరు పట్టుకున్న చోటు. లీడరుని రెండడుగులు పక్కకి జరిపి, వాళ్ళిద్దరి మధ్యలో ఒక కళ్ళజోడు పిల్లని పెట్టింది.

"ఆంటీ, అది నా ప్లేసు" అంది లీడరు.

"రిజర్వేషన్ చేయించావా తల్లీ? చీటీ చూపించు."

పిల్లలు నవ్వారు. లీడరు మొహం ఎర్రబడింది. పెద్దమ్మ కెమెరా వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసింది.

"కళ్ళజోడూ, నీ భుజం ఆ పిల్ల భుజం వెనక పెట్టు. ఇంకా. మీ ఇద్దరి మధ్య నాకు గాలి కనిపిస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది."

నొక్కింది.

నేను పుస్తకం పట్టుకుని పేర్లు అడుగుతూ వచ్చాను. రెండో వరస మధ్యకి వచ్చేసరికి, ఆ అమ్మాయి నోరు తెరవకముందే వెనక నుంచి ఎవరో అన్నారు, "సీసీ కెమెరా అని రాయండక్కా."

"మెల్లగా అనవే, రికార్డవుతుంది" అంది ఇంకొకతె.

వరసంతా కిసకిస. నా చెయ్యి ఆగిపోయింది. మూడు కాళ్ళ స్టాండు మడుస్తూ పెద్దమ్మ ఇటు తిరిగింది. "అయితే ఈ బళ్ళో నాకు పోటీ ఉందన్నమాట! నా కెమెరాకంటే మంచిదేమో, నాదైతే నెలకోసారి రిపేరు" అని ఆ అమ్మాయి వైపు చూసి, "నీ అసలు పేరు చెప్పమ్మా, అచ్చులో అదే బాగుంటుంది" అంది. ఆ అమ్మాయి చెప్పింది. నేను రాసుకున్నాను.

ఆ పేరెందుకొచ్చిందో నాకు తరవాత తెలిసింది. ల్యాబులో గాజుసామాను పగిలితే, ఎవరు పగలగొట్టారని సారు అడిగారు. ఈ అమ్మాయి చూసింది చూసినట్టు చెప్పింది. పగలగొట్టింది లీడరు. ఆ రోజు నుంచి క్లాసులో ఈమెతో ఎవరూ మాట్లాడరు. ఈమె వస్తే మాటలు ఆగిపోతాయి. బెంచీ మీద ఒక్కతే కూర్చుంటుంది. కొడితే వాత ఉంటుంది, తిడితే మాట ఉంటుంది. అసలు పలకరించకపోతే ఏం చూపించి ఫిర్యాదు చేస్తుంది?

ఫొటోలు పంచిన వారానికి హెచ్చెమ్ మేడం నుంచి కబురొచ్చింది. పెద్దమ్మ వెంట నేనూ వెళ్ళాను. ఆ గదిలో లీడరూ ఉంది, ఆ అమ్మాయీ ఉంది. ఇద్దరూ గోడకి చెరోవైపు. లీడరు జడ రిబ్బను కొస లాగుతూ కూర్చోలేక నిలబడలేక ఉంది. వాళ్ళమ్మ ఫోన్ చేసి గట్టిగా అడిగిందట.

"మీరు డబ్బు తీసుకుని పిల్లల్ని మధ్యలో పెడతారని అంటున్నారు" అంది మేడం.

"లేదండీ."

మేడం ఆ అమ్మాయి వైపు తిరిగింది. "మీ ఇంట్లోవాళ్ళు ఏమైనా ఇచ్చారా?"

"లేదు మేడం."

"మరి నిన్నెందుకు అక్కడ పెట్టారు?"

ఆ అమ్మాయి పెద్దమ్మ వైపు చూసింది. ఆ చూపు నేను చూడలేకపోయాను. ఇప్పుడు నిజం బయటికొస్తుందేమోనని భయపడుతున్న చూపు అది.

"పొడుగు చూసి పెట్టానండీ" అంది పెద్దమ్మ.

"నేనే తనకంటే పొడుగు మేడం" అంది లీడరు వెంటనే.

మేడం బల్ల మీద ఫొటో ఉంది. పొడుగెవరో పొట్టెవరో అందరికీ కనిపిస్తూనే ఉంది.

"అయితే నా కళ్ళు పోయినట్టున్నాయి తల్లీ. వయసు మీద పడింది."

"కళ్ళు కనిపించనివాళ్ళు ఫొటోలెలా తీస్తారమ్మా?" అంది మేడం. కోపంగా కాదు, విసుగ్గా. వచ్చే ఏడాది నుంచి వేరే స్టూడియోకి చెబుతామంది. పెద్దమ్మ నమస్కారం పెట్టి లేచింది.

దారిలో నాకు ఏడుపొచ్చింది. మామూలుగా నేను అడగను. ఆ రోజు అడిగాను.

"ఉన్నమాట చెప్పొచ్చు కదా పెద్దమ్మా? నువ్వెందుకు గుడ్డిదానివవ్వాలి?"

"ఏమని చెప్పమంటావే? పక్కన ఎవరూ నిలబడటం లేదని తెచ్చి మధ్యలో పెట్టానని, ఆ పిల్ల ముందే, ఆ లీడరు ముందే? జాలిపడి ఇచ్చిన చోటని తెలిస్తే అది మళ్ళీ చివరే అవుతుంది." నడక పెంచి, "పద, ఎండెక్కుతోంది. మీ పెదనాన్న లామినేషన్ మిషన్ ఆపకుండా నిద్రపోయుంటాడు" అంది.

నిజంగానే నిద్రపోయి ఉన్నాడు.

మూడు వారాలకి పరీక్ష ఫారాలు ఇచ్చారు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోల కోసం టెన్త్ పిల్లలు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. ఒక సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. వెంట కళ్ళజోడు పిల్ల ఉంది, ఇద్దరి బ్యాగులూ తనే మోస్తోంది. నాకు ఆశ్చర్యమేసింది.

ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుంది.

"గడ్డం పైకి. నవ్వకూడదు, ఫారం వెనక్కి పంపేస్తారు" అంది పెద్దమ్మ.

కళ్ళజోడు పిల్ల పెద్దమ్మ వెనక నిలబడి బుగ్గలు ఉబ్బించింది. ఆ అమ్మాయి ఫక్కుమంది. నాలుగుసార్లు తీయాల్సొచ్చింది. "మీ ఇద్దరూ కలిసి నా బ్యాటరీ తినేస్తున్నారు" అని పెద్దమ్మ తిడుతూనే ఉంది. ఆమె చెవులు కూడా నవ్వుతున్నట్టున్నాయి.

ఫొటోలు కత్తిరిస్తుంటే కళ్ళజోడు పిల్ల కౌంటర్ దగ్గరికొచ్చింది. ల్యాబు సంగతంతా అప్పుడే చెప్పింది. నేను మాట్లాడకపోతే ఎదుటివాళ్ళు ఎక్కువ చెబుతారు.

"నేనూ మాట్లాడలేదక్కా, అందరిలాగే. గ్రూప్ ఫొటో ఇంటికి తీసుకెళితే మా నానమ్మ చూసి, 'నీ భుజానికి భుజం ఆనించుకుందే, ఈ పిల్ల ఎవరే, నీ స్నేహితురాలా?' అంది. నేనేం చెప్పను? అవునన్నాను. అన్నాక మర్నాడు వెళ్ళి మాట్లాడకపోతే నానమ్మకి అబద్ధం చెప్పినట్టవుతుంది కదా!"

"ఏం మాట్లాడావు?" అన్నాను.

"పెన్సిల్ చెక్కేది ఉందా అని అడిగా. నా దగ్గరా ఉందిలే, అయినా అడిగా."

"మరి మిగతావాళ్ళు?"

"నాతో కూడా ఆరుగురు మాట్లాడటం మానేశారు" అని భుజాలెగరేసింది. "మేం ఇద్దరం ఉన్నాం కదా."

ఈ ఏడాది ఆ బడి ఫొటో వేరే స్టూడియో వాళ్ళు తీశారు. ఊళ్ళో మాట మాత్రం ఇంకా పెరిగింది. తప్పు చేయకపోతే ఎందుకు మానిపిస్తారు అంటున్నారు. ఎంత తీసుకుందో, ఏ కవర్లో పెట్టి ఇచ్చారో కూడా చెబుతున్నారు. పెదనాన్న ఆ కవరు కోసం ఇల్లంతా వెతుకుతున్నట్టు నటిస్తాడు.

ఆ అమ్మాయి టీసీ తీసుకోలేదు. అదే బడి నుంచి పరీక్ష రాసింది.