దబ్బనం చిల్లు

బందరు కాలేజీలో మా జువాలజీ మాస్టారు అంటే నాకు ముందు ఆయన బొటనవేలు గుర్తొస్తుంది. విదేశీ పత్రికలో అచ్చయిన రెండు వైరస్‌ల జన్యువులను ఎ, టి, జి, సి అక్షరాలుగా రెండు కాగితపు పట్టీల మీద రాసుకుని, ఒకదాని కింద ఒకటి జరుపుతూ ఎక్కడ కలుస్తాయో వెతికేవారు. కలిసిన చోట బొటనవేలు నొక్కిపెట్టి, ఎవరూ కదలకపోయినా "ఆగండాగండి" అనేవారు.

ఆ వెతుకులాట కంప్యూటరు చేత చేయించాలని ఆయన పంతం. వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్లి, ప్రోగ్రామంతా అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టించుకొచ్చారు. మిషను చదివేది ఆ చిల్లుల్నే. అయితే వాటిని మిషనుకెక్కించాలంటే కార్డులు కాలేజీ ద్వారానే రావాలన్నారు హైదరాబాదు కంప్యూటరు సెంటరువాళ్లు. మా హెడ్ గుమాస్తాగారు, ఆఫీసు దాటే ప్రతి కాగితానికీ చేసినట్టే, వాటినీ దబ్బనంతో పొడిచి ట్యాగు కట్టి పంపారు.

పనికిరావని కట్ట కట్టలాగే తిరిగొచ్చింది.

"విడిగా పంపితే చెదిరిపోవూ? మీ మంచికే చేశానండీ," అన్నారు గుమాస్తాగారు.

స్టాఫ్ రూమంతా నవ్వింది. మళ్లీ పంపుదామంటే ప్రిన్సిపాలుగారు, "కప్పల్ని కోసే పాఠానికి కంప్యూటరెందుకు మాస్టారూ?" అన్నారు.

ఆయన రిటైరైన రోజున సర్వీసు సర్టిఫికెట్టు కూడా ట్యాగుతోనే వచ్చింది. సభలో అది అందుకుని, చిల్లు మీద బొటనవేలు పెట్టి, "ఆగండాగండి" అన్నారు. చప్పట్లు ఆగిపోయాయి.

"దీన్ని పొడిచినా ఏం పోలేదులెండి. ఇందులో చదవడానికేం లేదు."