రొట్టె సైగ

2021 ఫిబ్రవరి, శుక్రవారం సాయంత్రం. దుబాయ్ అల్ కుసైస్‌లో మా ఫ్లాట్. ఉన్నవాళ్లు: నేను, మా అమ్మాయి, పక్క ఫ్లాట్ చరిత్ర మాస్టారి భార్య. ఆస్పత్రిలో ఇచ్చిన నా నంబరుకు వచ్చిన వీడియో కాల్‌లో, ఆస్పత్రి మంచం మీద, మాస్టారు.

ఇంగ్లండులో ఎప్పుడో అక్కడి రాజు కూలగొట్టించిన పాతకాలపు క్రైస్తవ మఠం ఒకదాని చరిత్ర ఆయనకు ప్రాణం. అక్కడి సన్యాసులు భోజనాల దగ్గర మాట్లాడకూడదట, అన్నీ సైగలతోనే అడగాలట. మా ఇంట్లో తిన్నప్పుడల్లా ఆయన రెండు చేతుల వేళ్లూ కలిపి సున్నా చుట్టి రొట్టె అడిగేవారు.

"నోటితో అడగండి, పెడతారు," అని భార్య విసుక్కునేది.

"రాజు మఠాన్ని కూల్చాడు గానీ, సైగల్ని ఏం చెయ్యగలిగాడే!" అని నవ్వేవారు.

ఆ సాయంత్రం ఆయన ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. రెండు చేతులతో సున్నా చుట్టారు.

"రొట్టె అడుగుతున్నారు అన్నయ్యగారూ!" అందావిడ.

మాస్కు తియ్యకూడదంది నర్సు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ జొన్నరొట్టె పొట్లంతో మా తలుపు తట్టింది. "పదండి అన్నయ్యగారూ, మాస్కు తీసేసి ఉంటారు."

ఆయన పోయారని ఆస్పత్రి వాళ్లు చెప్పిన ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది.