కన్నారావు వేసిన కొండ

మా మరిది కన్నారావు రైల్వేలో పెయింటరుగా చేసి రిటైరయ్యాడు. కోరాపుట్ నుంచి రాయగడ దాకా ఏ స్టేషన్‌లో దిగినా పసుపు బోర్డు మీద నల్లటి పేరు ఉంటుందే, అది ఆయన చెయ్యి. ఒడియా, హిందీ, ఇంగ్లీషు అచ్చు గుద్దినట్టు రాస్తాడు. తెలుగులో రాయమనేవాళ్ళు ఇక్కడ లేరు గనక ఆ అక్షరాలు మాత్రం కోడి కెలికినట్టుంటాయి. నావే నయం.

డ్యూటీ అయ్యాక రంగు డబ్బాలు పట్టుకుని మా ఊరు కకిరిగుమ్మ వెనక కొండల్లోకి పోయేవాడు. ప్లైవుడ్ చెక్క మీద కొండ, మబ్బు, లోయలో సన్నగా పారే గెడ్డ. అంతే. మనిషి ఉండడు, మేకైనా ఉండదు. లారీలవాళ్ళు అడిగితే మంచుకొండలూ హంసలూ వేసి ఇచ్చేవాడు. ఈయన మంచు చూసిన పాపాన పోలేదు. చూసిన కొండనేమో ఎవరూ అడగలేదు.

వయసులో ఉండగా పెళ్ళిచూపులకి పొట్టంగి తీసుకెళ్ళాం. పిల్ల కాఫీ తెచ్చి నిలబడితే, ఈ మహానుభావుడు కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చున్నాడు. పిల్ల లోపలికి పోయి మాకు వినబడేట్టే అంది.

"ఆ కొండకే తాళి కట్టమనండి!"

మళ్ళీ ఎవరమూ సంబంధం ఊసెత్తలేదు. మా ఆయన పోయాక నేనూ మరిదీ మిగిలాం. ఆయన స్టేషన్ దగ్గర గదిలో ఉంటాడు, అన్నానికి మా ఇంటికి వస్తాడు. మాట్లాడేది నేనే. ఆయన తిని చెయ్యి కడుక్కుంటాడు.

ఆ మనిషికి ఉన్న కోరిక ఒకటే. తను వేసిన కొండ ఎవరింట్లోనైనా గోడకి ఉండాలి, ఎవరో ఒకరు చూసి ఇది ఫలానా చోటు అనాలి. మా ఇంట్లో నాలుగు వేలాడుతున్నాయి గాని, వదిన ఇల్లు లెక్కలోకి రాదట.

పోయిన ఏడు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ ఇంజనీరు సూర్యప్రకాష్ గారు రాయగడలో ఇల్లు కట్టుకుని, హాల్లోకి పెద్ద బొమ్మ అడిగారు. మరిది చలికాలమంతా వేశాడు. ఇద్దరం తీసుకెళ్ళి గోడకి ఆనించాం. ఇంజనీరు గారి భార్య ధనశ్రీ గారు చూసింది.

"బాగుందండీ. కాని నీళ్ళు వీధి గుమ్మం వేపు పోతన్నాయి. లక్ష్మి బయటికెళ్ళిపోయినట్టే కదండీ. వాస్తు ఒప్పుకోదు, లోపలికి తిప్పండి."

"ఎదురు గోడకి ఎడితే లోపలికే వత్తాయమ్మా," అన్నాడు మరిది.

"ఆ గోడకి టీవీ వస్తాదండి."

రైల్లో నన్నడిగాడు.

"ఏటి సెయ్యమంతావు వదినా?"

"గెడ్డ అటే పారతాదని సెప్పు."

"సెప్తే బొమ్మ అక్కర్లేదంతారు."

బొమ్మ ఇంటికి తెచ్చి గెడ్డను తిప్పేశాడు. గృహప్రవేశానికి ఇద్దరమూ వెళ్ళాం. వచ్చినవాళ్ళంతా బొమ్మ చూసి ఆహా అన్నారు. "కశ్మీరా, ఊటీనా?" అని అడిగాడొకాయన. బంతిలో మరిది ఆకు ముందు కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

"తినవేటయ్యా? పులిహోర సల్లారిపోతంది."

"ఆ గెడ్డ కొండెక్కతంది వదినా."

మూడునాళ్ళు ఊరుకుని, మళ్ళీ రాయగడ వెళ్ళి సరిచేస్తానని బతిమాలాడు. ధనశ్రీ గారు మర్యాదస్తురాలు. కాఫీ ఇచ్చింది, అరిసెలు పొట్లం కట్టింది, బొమ్మ కూడా చేతికిచ్చేసింది. పంచె చుట్టి పాసింజర్లో పట్టుకొచ్చాడు. గెడ్డను మళ్ళీ దాని దారిన పారించి, ఐదోదిగా మా వరండాలో పెట్టాడు. ఆ తరవాత బ్రష్షు ముట్టుకోలేదు.

మొన్న కొండ మీద నుంచి అల్లం అమ్మే ఆవిడ వచ్చింది. గంప దించుతూ బొమ్మ చూసి ఆగిపోయింది. కొండను వాళ్ళు డొంగర్ అంటారు.

"మా డొంగర్!" అంది. వేసింది ఈయనే అని మరిదిని చూపించాను.

మరిది నోటి దగ్గర ముద్ద అక్కడే ఆగింది. ఆవిడ వేలు గెడ్డ వెంట పైనుంచి దిగుతూ వచ్చి, ఒక వంపు దగ్గర నిలిచింది. వాళ్ళ దేశియా మాటలో అడిగింది.

"ఇక్కడ మా ఇల్లుండాలి. ఏదీ? పక్కనే మా అమ్మ ఇల్లు. పొద్దున్నే పొగ లేస్తుంది, నువ్వు చూడలేదా?"

మరిది ముద్ద కంచంలో పెట్టేసి ఆ వంపు దగ్గరికి వంగి చూశాడు. ఆవిడ అల్లం తూచి ఇచ్చి గడప దిగాక, నా వైపు తిరిగాడు.

"పొగ సూసేను వదినా. మబ్బనుకున్నాను. మబ్బే ఏసీసేను."

మర్నాడు పొద్దున్నే రంగు డబ్బాలతో కొండకి బయల్దేరి వచ్చాడు. అన్నం మూట కట్టి ఇచ్చాను.

"ఆ ఊరోల్లతో మాటాడాల. నోరున్నాదా నీకు?"

"నేర్సుకుంతాను," అన్నాడు.

మధ్యాహ్నం ఒక్కదాన్నీ వరండాలో కూర్చుని తిన్నాను. ఎదురుగా కొండ, మబ్బు, గెడ్డ. వంపు దగ్గర ఇంకా ఎవరూ లేరు.