నురగ తెల్లగనే ఉందా?

మా సైన్స్ సార్ పోయారు. రేగొండ నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేసేసరికి నా నోట్లో బ్రష్ ఉంది. ఆయన శిష్యుడికి ఆ కబురు ఇంకెప్పుడు అందుతుంది! ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆయన గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. తాను తెల్లారి నమాజుకు ముందు మిస్వాక్ పుల్లతో పళ్ళు తోముకునేవారు. మరిపెడ బడిలో మా పళ్ళ పాచినే మాకు పాఠం చేసేవారు. పుల్లతో గీకి, నీటి చుక్కలో కలిపి, మైక్రోస్కోప్ కింద పెట్టి, మేం చూసేలోగా తానే కన్ను ఆనించి, "అరే, క్రిములు ఉరుకుతున్నయ్ రా!" అని గంతేసేవారు.

మా అమ్మ పళ్ళు కదులుతున్నాయని తెలిసి ఓ ఆదివారం ఆ మైక్రోస్కోప్‌ను మా ఇంటికే మోసుకొచ్చారు. తోమితే ఒక పక్క నెత్తురొస్తోందని అమ్మ అటు వేపపుల్ల పెట్టడమే మానేసింది. మా వాడలో అందరూ చేసే పనే.

"అన్ని పీకించుకుంట సారూ, పీడ పోతది," అంది అమ్మ. పైకి అలా అన్నా, ఇక మక్కకంకి కొరకలేనని ఆమెకు ఒకటే దిగులు.

"ఆగు చెల్లె. జర గిందుల చూడు."

చూసింది. "అబ్బో! నా నోట్లయేనా గివి?"

"నీయే! అన్ని చెడ్డయి గావు. ముందొచ్చినయి పన్నును పట్టుకొని గాలి వాడేస్తయ్. గాలి పడనియి వాటి చాటుకు చేరుతయ్. ఒకదాని ఎంగిలి ఇంకోదానికి బువ్వ. నువ్వు తోముడు బంద్ వెడితివి, వాటికి పండుగాయె! చిగురు వాచి నెత్తురొచ్చేది గందుకే. దవాఖానల పండ్లకు పట్టిన గార తీయించుకో. బ్రష్షుతోని మెల్లగ తోము, నెత్తురొచ్చినా ఆపకు, ఎర్ర నురగ తెల్లగైతది."

అమ్మ ఆపలేదు. ఒక పన్ను పోయింది, మిగతావి నిలబడ్డాయి! అప్పటి నుంచి సార్ ఎక్కడ కలిసినా బాగున్నావా అని అడిగేవారు కాదు. "నురగ తెల్లగనే ఉందా చెల్లె?" అనేవారు. సంతలో అందరూ తిరిగి చూసినా ఆయనకు పట్టేది కాదు. అమ్మ సిగ్గుపడుతూనే మురిసిపోయేది.

రేగొండలో ఆయన్ని కడసారి చూసి సాయంత్రం ఇంటికొచ్చాం. స్నానం చేసి, అమ్మ బ్రష్ పట్టుకుని నల్లా దగ్గర కూర్చుంది. చిగురంచు వెంట నిదానంగా తోమింది. బండ మీద ఉమ్మి, వంగి చూసింది.

"తెల్లగనే ఉంది సారూ," అంది. నీళ్ళు పోయకుండా అట్లాగే కూర్చుంది.