మాణిక్యాంబగారు పాట ఆపిన విధంబు

శిష్యురాలి గొంతు తడబడగానే గురువు గొంతు కలిపే అలవాటు ఏ రాజుల కాలంలో మొదలైందో చరిత్రకారులు తేల్చలేదు. శాసనాలు లేవు, తాళపత్రాలు దొరకలేదు. ఢిల్లీ వసంత్ కుంజ్ వరకు మాత్రం తిథితో సహా ఆధారం ఉంది. రెండేళ్ల కిందట విజయదశమి నాడు, ఉదయం పది గంటలకు, మూడో అంతస్తు ఫ్లాటు ముందుగదిలో మాణిక్యాంబగారు తన తొలి శిష్యురాలి చేత షడ్జం పట్టించబోయారు. పిల్ల గొంతు వణికింది. ఆవిడే పట్టేశారు. అది మొదలు ఆవిడ ఆపలేదు.

మాణిక్యాంబగారిది కాకినాడ. పెళ్లికి ముందు సంపాదించిన సంగీతం డిప్లొమా ఇరవయ్యేళ్లు బీరువాలో పట్టుచీరల కింద విశ్రమించింది. భర్త సదాశివరావుగారు కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. నలభై అయిదో ఏట ఆవిడ డిప్లొమా బయటికి తీసి, సోఫా వెనక్కి జరిపి, చాప పరిచి బడి పెట్టారు. తొమ్మిదిమంది పిల్లలు చేరారు. తలుపు బయట నిలబడ్డ తల్లిదండ్రులకు లోపలినుంచి గంభీరమైన పాట వినిపించేది. అది ఎవరి గొంతని ఎవరూ విచారించలేదు.

ఆ విచారణ ప్రీతి చేసింది. వరంగల్ అమ్మాయి, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురు నేహాకు తొమ్మిదేళ్లు.

"ఆంటీ, నిన్న మా అత్తమ్మ ముంగట పాడమంటే ఇది 'సా' కూడా అనలే. తొడ మీద చెయ్యి పెట్టుకొని చూస్తా కూసుంది. ఎందుకే అంటే, 'ఆంటీ నే షురూ నహీ కియా' అంటది, ఆంటీ మొదలుపెట్టలేదంట. ఎనిమిది నెలలాయె!"

"పిల్ల బెదిరిపోయుంటుందమ్మా."

"ఏమో ఆంటీ. దసరా ప్రోగ్రాం దాకా చూస్తా. అప్పుడు ఒక్కతే పాడకుంటే కీబోర్డు క్లాసులో వేస్తా. బటన్ నొక్కితే అదన్నా మోగుతది."

నేహా ఒక్కతే వెళ్లదు. ప్రీతి కారులో వచ్చే మరో ముగ్గురూ వెళతారు. నలుగురు పోతే ఆ చాప మీద మిగిలేది ఎక్కువగా చాపే.

"నువ్వు కాస్త తగ్గించి పాడరాదూ?" అన్నారు సదాశివరావుగారు.

"ఏ పనీ చెయ్యకుండా పని జరిపించడానికి ఇదేమన్నా మీ ఆఫీసా అండీ?"

ఆయన దాన్ని పరిశీలనార్థం స్వీకరించి పేపరు తిరగేశారు.

జ్ఞానోదయం ఘాజియాబాద్ నుంచి వచ్చింది. అక్కడికి ఇల్లు మారిన చాందిని అనే శిష్యురాలు జూన్ నుంచి ఫోనులో వీడియో పాఠం నేర్చుకుంటోంది. గురువుగారి గొంతు అక్కడికి ఒక అక్షరకాలం ఆలస్యంగా చేరేది.

"ఆంటీ, మీరు కలిసి పాడితే నా తాళం పోతోంది. మ్యూట్ చేసుకోండి, ప్లీజ్."

మాణిక్యాంబగారు మ్యూట్ నొక్కి, యథాప్రకారం గొంతెత్తి పాడారు. ఫోను దాటి వినిపించలేదు. అవతల చాందిని ఒకచోట తప్పింది, ఆగింది, వెనక్కి వెళ్లి తనే దిద్దుకుంది, పూర్తి చేసింది. ఆవిడ పాట సగంలో ఆగిపోయింది. తొమ్మిదిమందిలో ఒంటరిగా పాడగలిగింది, తన సాయం అందని ఈ పిల్ల ఒక్కతే.

మనిషికి మ్యూట్ బటన్ లేదు. మొదట పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నారు. పల్లవి అయ్యేలోగా కరిగిపోయింది. ఆఖరికి, పాఠం చెప్పడం అయ్యాక వంటింట్లోకి వెళ్లి, తెర వెనక బీన్స్ తరుగుతూ వినడం మొదలుపెట్టారు.

మొదటిరోజు నేహా పాట రెండో పాదంలో ఆగిపోయింది.

"ఆంటీ? ఆప్ హో నా?"

"ఉన్నానమ్మా. వింటున్నాను, కానియ్యి."

చాలాసేపు కత్తిపీట చప్పుడే వినిపించింది. తర్వాత సన్నగా ఒక గొంతు. ఆ ఇంట్లో ఆ గొంతు వినడం అదే మొదటిసారి. మూడువారాలకు అది తలుపు దాటింది. ఆ మూడువారాలూ సదాశివరావుగారు బీన్స్ తిన్నారు.

"గీతం వచ్చేలోగా వేరే కూర వస్తుందా, మాణిక్యం?"

దసరా వచ్చింది. తెలుగువాళ్ల సభలో నేహా ఒక్కతే వేదిక మీద కూర్చుంది. పాట రెండో పాదం దగ్గర ఆగింది. ముందువరుసలో మాణిక్యాంబగారి నోరు తెరుచుకుంది. చీర కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేహా ఒక ఆవర్తం ఉత్త తాళం వేసింది. ఎవరూ అందుకోలేదు. తనే అందుకుంది, చివరిదాకా పాడింది.

ప్రీతి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "ఆంటీ, మా చిన్నదాన్ని కూడా వేస్తా. నాలుగేళ్లే. ఠీక్ హై నా?"

"ఠీక్ హై," అన్నారు ఆవిడ, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి.

సదాశివరావుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఢిల్లీ తెలుగువారి సంగీత చరిత్రలో ఇదొక మలుపని పక్కాయనతో అన్నారు.

నేహా పాడిన గీతం, మధ్యలో ఆగిన ఆవర్తంతో కలిపి, ఒక నిమిషం పది సెకన్లు.