పెద్దమ్మ చేయించిన బ్యాంకాక్ ప్రయాణం

పెద్దమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను చోడవరం బస్టాండులో మాడుగుల బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. ఇక బాబాయిని ఊరికే వదలకూడదు అనుకున్నాను. మంచి మనిషి పోయినప్పుడు ఇలాంటి ఆలోచన రాకూడదంటారు. నాకు మాత్రం మొదట అదే వచ్చింది.

మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఈ పెద్దమ్మే. రావికమతం దగ్గర మా ఊళ్ళో, రోడ్డు పక్కన ఆవిడకో చుట్టిల్లు ఉండేది. గుండ్రటి మట్టిగోడ, చూరు నడుం దాకా దిగిన తాటాకు కప్పు. వంగితేగాని లోపలికి వెళ్ళలేం. మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేది. పెద్దనాన్న పోయాక ఆవిడ ఒక్కతీ అందులోనే ఉండేది. పొద్దున్నే గోడ అలికి, కోళ్ళకి నూకలు జల్లి, గడపలో కూర్చుని, వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాల్చేది.

ఆ ఇంటి వెనక స్థలం పెద్దనాన్న తమ్ముడిది, అంటే మా బాబాయిది. ఒకరోజు ఆయన వచ్చి, "వదినా, విమానం ఎక్కుతావేటి? బ్యాంకాక్ టూరు. అన్నయ్య నిన్నెక్కడికీ తిప్పనేదు, నాను తిప్పుతాను," అన్నాడు. తోడుగా నాకూ టికెట్టు తీసేడు. పెద్దమ్మ ఊరంతా చెప్పుకుంది. మరిదంటే ఇలా ఉండాలంది.

బ్యాంకాక్‌లో బజార్లూ మేడలూ ఆవిడకి పట్టలేదు. ఊరవతల ఒక పెద్ద తోటలోకి తీసికెళ్ళేరు. ఆ దేశం నలుమూలల్లో కూల్చేయబోయిన పాత చెక్క ఇళ్ళని చెక్కకి చెక్క విప్పి తెచ్చి, అక్కడ మళ్ళీ నిలబెట్టేరట. ఎత్తు గుంజల మీద ఇళ్ళు, కోసుగా వాలిన కప్పులు, కింద కాలవ, కాలవలో పడవలు. పెద్దమ్మ ప్రతి ఇంటికీ మెట్లెక్కింది. గుంజల్ని పశువుని నిమిరినట్టు నిమిరింది. అక్కడ కాల్చకూడదంటే, వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకునే తిరిగింది. చివరికి ఒక ఇంటి మెట్టు మీద కూర్చుని, "సూడే గుంటా, ఇల్లు ముసలిదైపోతే ఈళ్ళు మనిషిని సూసుకున్నట్టు సూసుకుంతన్నారు," అంది.

మేము తిరిగొచ్చి ఆటో దిగేసరికి చుట్టిల్లు లేదు. చదునైన ఎర్రమట్టి మీద జేసీబీ చక్రాల గుర్తులు ఉన్నాయి. బాబాయి ఎదురొచ్చి, "పాతదైపోనాది వదినా, ఏ వానకో మీద పడిపోద్దని తీయించేసేను," అన్నాడు. పెద్దమ్మ ఆ మట్టి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "నా కోళ్ళేవి?" అని అడిగింది.

"పనోళ్ళు తినేసేరు."

ఆ తర్వాత ఏడాది తిరక్కుండా వెనక ఆయన స్థలంలో కల్యాణ మండపం లేచింది. దాని గేటుకి దారి, కార్లు ఆగే చోటు, అన్నీ పెద్దమ్మ స్థలమే. ఆవిడ మా ఇంట్లో ఉంటూ కోర్టుకి తిరిగింది. వాయిదా రోజున టిఫిను డబ్బా పట్టుకుని పొద్దున్న బస్సుకే బయల్దేరేది. కోర్టు వరండాలో బాబాయి కనిపిస్తే, "అన్నం తిన్నావా బాబూ?" అని నెమ్మదిగా అడిగేది. ఆయన తల దించుకునేవాడు. అది ప్రేమ కాదని నాకు తెలుసు. నేను రుసరుసలాడితే, "కోపాన్ని ఎండబెట్టుకోవాలే. పచ్చిది కుళ్ళిపోద్ది," అనేది.

స్థలం ఆవిడదేనని తీర్పొచ్చింది. కంచె వేసేద్దామని తమ్ముడు తొందరపడితే, "ఇప్పుడే వొద్దు," అంది. ఆవిడ ఏం అనుకుంటోందో అనకాపల్లి ఆసుపత్రిలో మంచం పట్టేక గాని చెప్పలేదు.

"నాను పోయేక ఆడిని ఆ తోటకి తీసికెల్లు. నన్ను పంపినట్టే పంపాల. ఆ ఇళ్ళన్నీ ఎక్కించు."

కర్మ అయ్యాక బాబాయికి ఈ మాట చెప్పేను. "వదిన నన్ను మన్నించేసిందమ్మా," అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను టికెట్లు తీసేను.

అక్కడ ఇళ్ళు అలాగే ఉన్నాయి. గుంజలకి కొత్తగా నూనె పట్టించేరు. ఎండ మండిపోతోంది. మోకాళ్ళు పట్టుకుని ఆయన మెట్లెక్కుతూంటే పక్కనే నడిచేను గాని చెయ్యి అందివ్వలేదు. ఎక్కి దిగేక, "వదిన ఎక్కడ కూకున్నాదమ్మా?" అని అడిగేడు. ఆ మెట్టు చూపించేను. ఆయన దండం పెట్టి దాని మీదే కూర్చున్నాడు. అప్పుడు ఫోన్ తీసి, తమ్ముడు పంపిన వీడియో ఆయన చేతిలో పెట్టేను. గుండ్రంగా కట్టిన వెదురు దడికి ఆడవాళ్ళు మట్టి మెత్తుతున్నారు. పైన ఇద్దరు తాటాకు కడుతున్నారు.

"ఇదెక్కడ?"

"మనూళ్ళోనే బాబాయ్. మీ గేటు ముందు. పెద్దమ్మ స్థలంలో."

ఆయన మళ్ళీ చూసేడు. "వొచ్చే నెల పెళ్ళిళ్ళున్నాయి కదమ్మా. కార్లెలాగొస్తాయి?"

"పక్క సందులోంచి నడిచొస్తారు."

ఆయన ఫోన్ నా చేతికిచ్చి, మెట్టు మీద నుంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించేడు. జాలి కలుగుతుందేమోనని చూసుకున్నాను. కలగలేదు. పెద్దమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలీదు. అన్నం తిన్నావా అని అడిగేదేమో. నేను అదీ అడగలేదు.

ఊళ్ళో ఆటో దిగగానే ఆయన ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా చుట్టింటి దగ్గరికి వెళ్ళి, రెండు అరచేతులూ గోడకి ఆనించి తోసేడు. చెమటలు పట్టేదాకా తోసేడు. దడి గట్టిది, కదల్లేదు. పైపూత మాత్రం ఇంకా ఆరలేదు. మర్నాడు అలకడానికి వచ్చినామె ఆ చోట గుడ్డ పెట్టబోతే వద్దన్నాను. వేళ్ళన్నీ విడివిడిగా తెలిసేలా, గోడ మీద ఎండిపోయి, ఆ రెండు చేతులూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.